ఏతం ఆగిపోయాక వీరన్న

గోదావరి మీద ఆనకట్ట లేచి, కాలువ నీళ్లు మా కొత్తపేట వైపు పారడం మొదలైన కొత్త రోజులవి. అప్పటికే నా జుట్టు వైద్యంలో నెరిసింది. ఒక పొద్దున మంగమ్మ అనే ఆవిడ వచ్చి గుమ్మం ముందు నిలబడింది.

"మా ఆయన అన్నం ముట్టడం మానేసేడండి. ఒక్కసారి వచ్చి చూడాలండి."

ఆమె భర్త వీరన్న ఏతం తొక్కేవాడు. ఏతం అంటే నూతి గట్టున స్తంభం మీద అడ్డంగా వేసిన పెద్ద దూలం. మనిషి దాని మీద ముందుకూ వెనక్కూ నడుస్తుంటే, కొసన వేలాడే బాన నూతిలో మునిగి, నిండి పైకి వస్తుంది. మీసాలు రాని వయసు నుంచీ వీరన్న ఆ దూలం మీదే నడిచాడు. కాలువ వచ్చాక తోట రైతు ఏతం విప్పించేశాడు.

వెళ్లి నాడి చూశాను. వాతం, పిత్తం, కఫం మూడూ ఉండవలసినట్టే ఉన్నాయి. జ్వరం లేదు. మనిషి మాత్రం ఎండుటాకులా తేలిపోయాడు. ఆకలి పుట్టడానికి శొంఠి కషాయం ఇచ్చి వచ్చాను. మళ్లీ వెళ్లేసరికి అది ముంతలో అలాగే ఉంది.

"ఎందుకు తాగలేదు వీరన్నా?"

"నీళ్లు పైకి తేవడానికే దేవుడు నన్ను పుట్టించేడనుకున్నానండి. ఇప్పుడు నీళ్లు వాటంతటవే నడిచొస్తున్నాయి. ఇంక నాతో పనేముందండి?"

రైతుతో మాట్లాడి కాలువ తూము దగ్గర కాపలా పని ఇప్పిస్తానన్నాను. వీరన్న నవ్వాడు.

"తూమునెవరెత్తుకుపోతారండి? జాలిపడి ఇచ్చేది పని కాదండి."

నేను లేచి మందుల సంచీ సర్దుకుంటుంటే, పొయ్యి దగ్గర నుంచి మంగమ్మ లేచి వచ్చింది.

"మన బుల్లి ఏం పని చేసిందయ్యా?" అంది.

బుల్లి వాళ్ల ఒక్కగానొక్క కూతురట. పుట్టుకతోనే కాళ్లు చచ్చుపడ్డాయి. మాటా రాలేదు. చిన్నతనంలోనే పోయింది.

"పొద్దల్లా దూలం మీద నడిచొచ్చి, మళ్లీ బుల్లిని భుజానేసుకుని గట్టంతా తిప్పేవోడివి. అది చీపురు పట్టలేదు, చెంబు ఎత్తలేదు. అది తిన్న కూడు దండగేనా? వైద్యులుగారి ముందే చెప్పు!"

"దాన్నలా అనకే!" వీరన్న మోచేతి మీద లేవబోయాడు. "నన్ను చూస్తే నవ్వేదండి, వైద్యులుగారు. నేనొస్తే చాలు, నవ్వేదండి."

"మరి నువ్వుంటే నాకు చాలదా?" అంది మంగమ్మ. "నువ్వు తినట్లేదని నేనూ పస్తే ఉంటున్నాను. తెలుసా నీకు?"

అతనికి తెలియదు. ఆమె వైపు చూసి, గోడవైపు తిరిగి ఏడ్చాడు. నేను ఓదార్చలేదు. కాసేపటికి, "గంజుందా?" అని అడిగాడు. మంగమ్మ వెళ్లి రెండు ముంతలతో తెచ్చింది.

వీరన్న ఆ తరవాత చాలా ఏళ్లు బతికాడు. గొప్ప పనేదీ దొరకలేదు. ఓపికున్నప్పుడు కొబ్బరి పీచుతో తాళ్లు పేనేవాడు, లేనప్పుడు ఊరికే కూర్చునేవాడు. మనిషి ఎందుకు పుడతాడో నేను చదివిన శాస్త్రంలో లేదు. ఇప్పటికీ నాకు తెలియదు. కానీ మంచం పట్టినవాళ్లను "ఏం పని చేస్తావు?" అని మొదట అడగడం మాత్రం మానేశాను. "నీ కోసం ఇంట్లో ఎవరు ఎదురుచూస్తుంటారు?" అంటాను. ఆ పేరు చెబుతున్నప్పుడే నాడి పట్టుకుంటాను.