ఉదయం ఎనిమిదని రాశాను

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చూడ్డానికి చిన్నదే, ఒక చీటీ మీద రాసిన టైము. మీకెందుకు చెబుతున్నానంటే, నేనెవరో మీకు తెలియదు కనుక. ప్రతి ఆదివారం చర్చిలో పాపాలు ఒప్పుకునే ప్రార్థనలో అందరితోపాటు గొంతు కలుపుతాను. ఈ ఒక్కటి మాత్రం నోట్లోనే ఆగిపోతుంది.

అరకులో చిన్న రక్తపరీక్షల ల్యాబ్ నాది. ఒక శనివారం సోమన్న వచ్చాడు. పై కొండల్లో కాఫీ తోట చేసుకునే మనిషి, ముప్పై దాటి ఉంటాయి. పెళ్లయి ఆరేళ్లయినా పిల్లల్లేరు. ఒంట్లో ఓపిక లేదు, భార్య మీదికి మనసు పోవడం లేదు. డాక్టరు గారు అనుమానపడి టెస్టోస్టిరాన్ పరీక్ష రాశారు. మగవాళ్ల హార్మోను అది. పొద్దున్నే పరగడుపున రక్తం తీయాలి, తక్కువొస్తే ఇంకో పొద్దున మళ్లీ తీసి చూడాలి. మధ్యాహ్నానికి అది మామూలుగానే తగ్గుతుంది. ఇదంతా నాకు తెలుసు. అతను కొండ దిగి, జీపు పట్టుకుని వచ్చేసరికి పన్నెండున్నర.

"అంబలి తాగేసినాను బాబూ. రేపు పొద్దున్న తీత్తానంటే ఈ అరుగు మీదే తొంగుంటాను," అన్నాడు.

"ఏటీ కాదులే. సెయ్యి సాపు," అన్నాను.

ఎందుకన్నాను? మర్నాడు ఆదివారం. చర్చికి ముందు వచ్చి తలుపు తీయాలంటే బద్ధకం. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉండి ఉంటే, కనీసం ఇంట్లో ఎవరికో జ్వరమో మరొకటో ఉండి ఉంటే, ఈపాటికి నన్ను నేను కొంచెమైనా సముదాయించుకునేవాణ్ణని ఎన్నిసార్లు వెతుక్కున్నానో. లేదు. చీటీ మీద ఉదయం ఎనిమిది అని రాసి రక్తాన్ని విశాఖలోని పెద్ద ల్యాబుకు పంపేశాను.

తక్కువని వచ్చింది. కాగితం ఇచ్చేటప్పుడైనా మళ్లీ తీయాలని చెప్పి ఉండొచ్చు. ఎందుకని అడుగుతాడేమోనని భయం. డాక్టరుకు చూపించమని ఊరుకున్నాను. అతను చూపించలేదు, సిగ్గుపడ్డాడు. లోపం తనదేనని తేల్చేసుకున్నాడు. ఆ నెలలోనే ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి, పిల్లలు పుట్టని తన దగ్గర ఆమెను కట్టేయడం తప్పని చెప్పి, భార్య చిలకమ్మను పుట్టింటికి పంపేశాడు. ఆమె ఏడుస్తూ వెళ్లిందట. తర్వాత వేరే మనువు చేసుకుంది.

మొన్న వానల ముందు ఆయాసంతో మళ్లీ వచ్చాడు. కొత్త డాక్టరు పాత సంగతి విని ఆ పరీక్షా రాసింది. ఈసారి రెండు పొద్దులు, పరగడుపున, నేనే తీశాను. రెండుసార్లూ బాగానే ఉంది. ఒంట్లో రక్తం మాత్రం బాగా తక్కువ. అప్పటి నీరసం కూడా దానివల్లేనా? అప్పుడు హార్మోను నిజంగా తక్కువుందా? ఇక ఎవరూ చెప్పలేరు. చెప్పలేకుండా చేసింది నేనే.

రిపోర్టు చదివి చెబితే సోమన్న ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అమ్మోరు నయం సేసింది బాబూ. కొంచెం బేగి సేసుంటే దాన్ని పంపకపోదును," అన్నాడు.

నేను అవునన్నట్టు తల ఊపాను. చేసిన తప్పుకంటే ఆ తల ఊపడమే ఇప్పుడు నన్ను ఎక్కువ బాధిస్తోంది.

ఆలస్యం అమ్మోరిది కాదు సోమన్నా. ఆ రక్తం నేను మధ్యాహ్నం తీశాను. నీ ఎదుట అనలేని మాట ఇక్కడ రాశాను. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.