పడవ అడుగున గార

నా ఉద్యోగ జీవితమంతా నేను జనం పళ్ల మీద గార గీకాను. అందుకని నీళ్లలో నిలిచి ఉండే పడవ అడుగు సంగతి నాకెవరూ కొత్తగా నేర్పాల్సిన పని లేకపోయింది. పన్నుకైనా పడవకైనా కథ ఒకటే. మొదట కంటికి ఆనని జిగురు పొర ఒకటి చేరుతుంది. వేలితో రుద్దితే పోతుంది. రేపు చూద్దాంలే అని వదిలేస్తే దాని మీద పాచి పడుతుంది, పాచి మీద సున్నం కడుతుంది. అప్పుడిక పనిముట్టు పట్టాల్సిందే. మొక్కుకుంటే రాలిపోయిన గారను నా కుర్చీలో కూర్చున్న ఏ నోట్లోనూ నేను చూడలేదు.

పడవ మా ఆయనా, ఆయన తమ్ముడూ చెరిసగం వేసుకుని కొన్నది. అమెరికాలో మేముండే హెర్న్‌డన్‌లో మా రెండిళ్లూ ఒకే వీధిలో. పడవ మాత్రం దూరంగా, చెసపీక్ బే అనే అఖాతం ఒడ్డున ఒక చిన్న పాయలో ఉన్న మరీనాలో, అంటే పడవల రేవులో. తెరచాప పడవ, లోపల చిన్న డీజిల్ ఇంజను. చలికాలం గట్టు మీద టార్పాలిన్ కప్పుకుని పడుకుంటుంది, వసంతం నుంచి నవంబరు దాకా నీళ్లలో ఉంటుంది. మా ఆయన తెరచాపల మనిషి, ఆకాశం చూస్తూ బతికేవారు. అడుగు సంగతి మొదటినుంచీ నాదే. ఈ దేశం వచ్చాక, పిల్లల్ని స్విమ్మింగ్ క్లాసులో దింపి బెంచీ మీద ఊరికే కూర్చోవడం నచ్చక, నేనూ ఈత నేర్చుకున్నాను. పెద్దదాన్నయ్యాక నేర్చుకున్న విద్యల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

ఆయన పోయారు. ఇంట్లో, గుండె ఆగి. ఆ సమయానికి పడవ గట్టు మీద టార్పాలిన్ కింద ఉంది. అయినా నేరం దాని మీదే పడింది. మొగుడు పోతే పెళ్లాం కాళ్లు మంచివి కావనే జాతి మనది. ఈ దేశంలో అంత మాట నా ముఖం మీద అనడానికి మొహమాటపడి, పడవను అన్నారు.

అవి ఫోన్లలోకి పంచాంగం కొత్తగా దిగిన రోజులు. ఆయన పోయిన రెండో ఏడు ఆగస్టులో ఒక శనివారం, మా మరిదీ, మా తోడికోడలూ, నేనూ పడవలో కూర్చున్నాం. కట్టిన తాళ్లు విప్పలేదు. అంతకు ముందు నెలే ఇంజను వేడెక్కి నీళ్ల మధ్య ఆగిపోతే, వేరే పడవ వచ్చి మమ్మల్ని లాక్కొచ్చింది. ముందు కమ్మీకి మా తోడికోడలు కట్టిన నిమ్మకాయలూ మిరపకాయలూ ఎండి వేలాడుతున్నాయి.

"వదినా, మీరు ఫీల్ అవనంటే ఒక మాట," అన్నాడు మరిది.

"ఫీల్ అవుతాను. చెప్పు."

"ఈ బోట్ మనకి అచ్చిరాలేదు వదినా. లేబర్ డే లోపు అమ్మేద్దాం. మా ఆఫీస్‌లో ఒకతను ఇంట్రస్టెడ్. నెక్స్ట్ వీకెండ్ వచ్చి చూస్తానన్నాడు."

"అతనికి అచ్చొస్తుందా?"

"అతను అమెరికన్ కదా."

"అంటే మన శని పాస్‌పోర్ట్ చూసి మరీ పడతాడన్నమాట."

తోడికోడలు ఫక్కున నవ్వి, మొగుడి మొహం చూసి ఆపుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పడవలో సగం అతనిది. గట్టిగా పట్టుబడితే నేను ఆపలేను. దాన్ని నడపడం, తుడవడం, దాని కింద దూరడం తప్ప నాకు ఆయన తాలూకు మిగిలిన పని ఏదీ లేదు. ఇంట్లో ఫోటో ఉంది, నిజమే. ఫోటోకి నేను చేసేదేముంది?

చిన్నప్పుడు మా నాన్న నన్ను సంస్కరణ సభలకు వెంట తీసుకెళ్లేవారు. శకునాల మీద, వితంతు వివాహం మీద వాదాలు జరిగేవి. అక్కడ నాకు అబ్బింది ఒక్క పద్ధతి. ఎదుటివాడి వాదాన్ని ముందు వాడికంటే బాగా నువ్వే చెప్పు, ఆ తర్వాత విరువు. అదే చేశాను.

"నీ మాటే నేను చెప్తాను, తప్పుంటే దిద్దు. ఇదివరకు ఈ పడవ చక్కగా నడిచేది. మీ అన్నయ్య పోయాడు. ఇంజను వేడెక్కింది. కొత్త పెయింటు వేశాక కూడా గేదెలా కదులుతోంది. ఇన్ని ఒకేసారి జరిగితే ఏదో కారణం ఉండాలి. అంతేనా?"

"ఎగ్జాక్ట్‌లీ!"

"కారణం ఉందని నేనూ అంటున్నాను. అది ఈ పలకకి అవతల, నీళ్లలో ఉంది. చెయ్యి పెట్టి చూడు."

అతను చూడలేదు. నేనే మోకాళ్ల మీద వంగి, చెయ్యి భుజం దాకా ముంచి, పట్టుకొచ్చాను. పచ్చటి పాచి, దాంట్లో తెల్లటి గుల్లలు. బార్నకిల్స్ అంటారు. సున్నపు పెంకు కట్టుకుని అతుక్కునే చిన్న జీవాలు. ప్రతిదీ పిల్లగా ఉన్నప్పుడు ఎక్కడెక్కడో ఈదుతుంది, ఒక చోటు నచ్చాక తలను అక్కడ అతికించుకుంటుంది, ఇక చచ్చేదాకా కదలదు. అలాంటి మనుషులు నాకు చాలామంది తెలుసు. నాకు అర్థం కానిది వేరే ఉంది. ఇవి పట్టకుండా ఉండడానికే అడుగున రాగి కలిపిన పెయింటు వేస్తారు. మొన్న వసంతంలోనే వేయించాం. ఆగస్టుకే ఇంత గడ్డమా?

మరిదికి రోషం వచ్చింది.

"అడుగు అడుగు అంటారు! మీకు కంటి ఆపరేషన్ అయితే నేనే కదా వదినా అన్నీ చూసింది? దేనికి తక్కువ చేశాను? పెయింట్ వేయించాను. మూఢం వెళ్లేదాకా ఆగి, మంచి ముహూర్తం చూసి, పూజ చేయించి మరీ దింపించాను. ఇంకేం చేయాలి?"

"ఏం వెళ్లేదాకా?"

"శుక్ర మూఢం. పంతులుగారు కూడా ఆగమనే అన్నారు."

"పెయింటు ఎప్పుడు వేశారు?"

"ఏప్రిల్ మొదట్లో."

"నీళ్లలోకి?"

"మే ఎండింగ్."

ఆ రకం పెయింటు ఆరాక ఎక్కువ రోజులు గాలికి ఉండకూడదు. ఉంటే పైనున్న రాగి గాలికి చచ్చుబడిపోతుంది, దాన్ని చూసి ఏ గుల్లా భయపడదు. ఇన్నాళ్లలోపు నీళ్లలోకి దించాలని డబ్బా మీదే రాసి ఉంటుంది. ఆపరేషన్‌కి వెళ్తూ ఫోన్లో చెప్పాను కూడా. ఆరాక ఆలస్యం చేయొద్దన్నాను. అతను డబ్బా చూడలేదు, పంచాంగం చూశాడు.

"శుక్రుడు సూర్యుడి వెనక్కి వెళ్లాడు. మనకి కొన్నాళ్లు కనిపించలేదు. మూఢమంటే అంతే కదా?" అన్నాను. "ఆ కనిపించని గ్రహం కోసం పడవను ఎండలో నిలబెట్టి పెయింటు చంపావు. దిష్టి తగిలించింది నువ్వేనయ్యా, మరిదీ!"

అప్పుడు ఇంకొకటి తట్టింది. మే చివరికి నా కళ్లు శుభ్రంగా కనిపిస్తున్నాయి. కారు కూడా నడుపుతున్నాను. మరి పూజకి నన్నెందుకు పిలవలేదు? తోడికోడలి వైపు చూశాను. ఆవిడ ఐసు పెట్టుకునే కూలర్ మూత తీసి అందులో ఏదో వెతకడం మొదలుపెట్టింది.

"మీకు స్ట్రెయిన్ అవుతుందని అక్కా," అంది కూలర్‌లోకి.

"కొబ్బరికాయ కొట్టే చోట విధవరాలు నిలబడితే పడవకి స్ట్రెయిన్ అవుతుందనా?"

ఏ మాటను ఖండిస్తూ సభల్లో మా నాన్న గొంతు పోయేలా వాదించారో, ఆ మాట బొట్టు పెట్టుకుని, విమానమెక్కి, నా పడవ దాకా వచ్చింది. నేను లేవలేదు, అలిగి వెళ్లలేదు. అలిగితే పడవ పోతుంది.

"అడుగు నేను గీకుతాను. ఆ తర్వాత కూడా ఇలాగే నడిస్తే మీ ఆఫీసాయన్ని పిలుచుకో. బాగా నడిస్తే అమ్మకం మాట ఎత్తకూడదు."

మరిది కూడా తక్కువవాడు కాదు. "బాగా నడిస్తే అది పూజ ఫలమని నేనంటాను. అప్పుడో?"

"అందుకే గీకక ముందే ఒకసారి నడుపుదాం. పూజ రెండుసార్లకీ ముందే అయిపోయింది. మధ్యలో మారేది గార ఒక్కటే."

పోటూ పాటూ లేకుండా నీళ్లు నిలిచే వేళ చూసుకుని, ఇంజను ఒకే వేగం మీద పెట్టి, పాయ చివరన పడవలకి దారి చూపే ఎర్ర మార్కర్ దాకా వెళ్లాం. దారిలో తోడికోడలు ఫ్లాస్కులో టీ అందరికీ పోసింది, తాగాం, కప్పులు కడిగింది, పల్లీలు పంచింది, అవీ అయిపోయాయి. అప్పటికి మార్కర్ చేరాం. ఇంజను వేడి చూపే ముల్లు ఎరుపు వైపు పాకుతోంది.

నీళ్లలో మునిగి అడుగు తుడిచే డైవర్‌కి ఫోన్ చేస్తే సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే దాటాక గానీ ఖాళీ లేదన్నాడు. నేను బట్టలు మార్చుకున్నాను. పొడుగు చేతుల ఈత చొక్కా, మడమల దాకా టైట్స్, చేతులకి తొడుగులు, మొహానికి మాస్కు.

"అక్కా, ఈ వయసులో! నలుగురూ ఏమంటారు?"

"ఎక్కడ నలుగురు? మనం ముగ్గురం. నాలుగోది ఆ కొంగ. దాన్నడుగు."

పడవ కట్టేసిన చెక్క వంతెనని డాక్ అంటారు, దాని మీంచి పడవకి వచ్చే కరెంటు తీగ పీకించాను. కరెంటు ఉన్న పడవ కింద నీళ్లలోకి ఎవరూ దిగకూడదు. నడుముకి తాడు కట్టుకుని రెండో కొస మరిది చేతికిచ్చాను. "రెండుసార్లు లాగితే పైకి తియ్యి. ముహూర్తం చూడకు," అని దిగాను.

చెసపీక్ నీళ్లు ఆగస్టులో పాలు తక్కువైన టీలా ఉంటాయి. చెయ్యి చాపితే వేళ్లు కనిపించవు. ఊపిరి బిగబట్టి, తడుముకుంటూ పని చేయాలి. జిగురుకి పాత కార్పెట్ ముక్క, గుల్లలకి ప్లాస్టిక్ గరిటె. ఇనుము వాడితే ఉన్న పెయింటు కూడా లేచిపోతుంది. గట్టిగా కాదు, ఒక వాలులో తోయాలి. నోట్లో చేసిన పనే. పైనున్న చచ్చు పొర కాస్త అరిగితే కిందున్న బతికిన రాగి బయటపడుతుంది. ప్రొపెల్లర్ రెక్కలు ముట్టుకుంటే గుల్లల గుత్తి. ఇంజనుకి చల్లటి నీళ్లు పీల్చే జల్లెడ దగ్గరికి వచ్చేసరికి నాకు కోపం కూడా పోయింది. రంధ్రాలన్నీ మూసుకుపోయి ఉన్నాయి. నీళ్లు అందక ఇంజను వేడెక్కింది, అంతే. పైకి వెళ్లి, సంచిలోంచి నా క్లినిక్ నాటి గార గీకే పాత స్కేలర్ తెచ్చుకుని, ఒక్కో రంధ్రం పన్ను సందులా తీశాను.

మధ్యలో జెల్లీఫిష్ ఒకటి మెడ మీద రాసుకుపోయింది. నిప్పు పెట్టినట్టయింది. పైకి తేలి ఒక్క కేక పెట్టాను.

"చూశారా వదినా! వద్దని చెప్తుంటే," అన్నాడు మరిది తాడు లాగేస్తూ.

"లాగకు! దానికి నేను విధవరాలినని తెలియదు. పెద్ద ముత్తయిదువైనా కుడుతుంది."

తోడికోడలు ఏమనుకుందో ఏమో, కూలర్‌లోంచి ఐసు ఒక గుడ్డలో చుట్టి, డాక్ మీద బోర్లా పడుకుని, చెయ్యి చాపి నా మెడ మీద పట్టుకుంది. చాలాసేపు అలాగే పట్టుకుంది. "సారీ అక్కా," అంది మెల్లిగా, మొగుడికి వినపడకుండా. నేను ఏ సారీ అని అడగలేదు.

ఆ పొద్దు ఒక పక్క అయింది. మర్నాడు పొద్దున్న రెండో పక్క, కీల్ అనే అడుగు రెక్కా పూర్తి చేశాను. భుజాలు పైకి లేవడం లేదు. మళ్లీ నీళ్లు నిలిచే వేళకి తాళ్లు విప్పాం. అదే ఇంజను వేగం. తోడికోడలు ఫ్లాస్కు మూత తిప్పుతూండగానే ఎర్ర మార్కర్ మా పక్కనుంచి వెనక్కి పోయింది. ఇంజను ముల్లు ఉన్న చోటునుంచి కదల్లేదు.

మరిది వెనక్కి తిరిగి మార్కర్ వైపు చూస్తూ ఉండిపోయాడు. "పోటు ఏమైనా హెల్ప్ చేసిందేమో..." అన్నాడు.

"నిన్నా నిలిచిన నీళ్లే. ఇవాళా నిలిచిన నీళ్లే. నువ్వే కదా టైడ్ టేబుల్ చదివింది?"

"సరే వదినా. అమ్మను. కానీ మూఢం తప్పని మాత్రం నేనొప్పుకోను."

"ఒప్పుకోకు. నీ తల, నీ ఇష్టం. పడవను ఆపకు."

తెరచాప ఎత్తమన్నాను. నా భుజాలు అందుకు పనికొచ్చే స్థితిలో లేవు, అతనే ఎత్తాడు. అన్నయ్యలాగే ఎత్తాడు, కాస్త వంకరగా.

మరుసటి వసంతం పెయింటు నేనే దగ్గరుండి వేయించాను. దించే రోజు కూడా నేనే చెప్పాను. పెద్ద యంత్రం పట్టీల్లో పడవను నీళ్ల మీదికి తెచ్చి ఆపింది. మరిది ఫోన్ చూసుకుంటూ నా పక్కకి వచ్చాడు. వెనక తోడికోడలు కొబ్బరికాయ ఉన్న సంచి పట్టుకుని, ఈసారి నన్ను ముందుకి తోసి నిలబెట్టింది. కాయ కొట్టడానికి నేను ఒప్పుకోలేదు. పచ్చడికి దాచమన్నాను.

"వదినా, మళ్లీ మళ్లీ అంటున్నానని కాదు. ఇవాళ అమావాస్య. ఎల్లుండి విదియ, బ్రహ్మాండంగా ఉంది."

"అమావాస్య కాబట్టే ఇవాళ పెట్టాను. పోటు ఎక్కువ ఉంటుంది. మన పాయ లోతు నీకు తెలుసుగా, కీల్‌కి నీళ్లు కావాలి."

యంత్రం మీద కూర్చున్నతను ఎవరి మాట వినాలో తెలియక మా మొహాలు చూస్తున్నాడు. నేను చెయ్యి కిందికి ఊపాను.