మంచు కింద గడ్డి

పెళ్లై వచ్చిన నాటి నుంచి డుల్మా ముప్పై ఒక్క చలికాలాలు ఆ కొండవాలులోనే గడిపింది. చలంటే ఆమెకు లెక్కలేదు. కానీ ఆ ఏడు వేసవిలో వాన మొహం చాటేసింది. ఆపైన కురిసిన తొలి మంచు రెండు రోజులు కరిగి, మళ్లీ గాజుపలకలా గడ్డకట్టింది. గడ్డి కంటికి కనిపిస్తుంది, నోటికి అందదు. గొర్రెలు గోకి గోకి కాళ్లు నెత్తురు చేసుకున్నాయి. ఆకలికి ఒకదాని ఉన్ని ఒకటి పీక్కుతిన్నాయి. చలి సున్నాకు నలభై ఆరు డిగ్రీల కిందికి దిగిన వారం, డుల్మా తమ గుడారం మీది మందపాటి కంబళి విప్పి దొడ్డికి కప్పింది.

"మనం బిగుసుకుపోతే ఆ గొర్రెలొచ్చి దీపం పెడతాయా?" అన్నాడు భర్త చోయ్‌జిల్.

"అవి పోతే మనం బతికేది దేంతోనయ్యా?"

దక్షిణాన అతని తమ్ముడు నమ్‌స్రాయ్ ఉండేచోట మంచు పలచగా ఉందని విని, రెండు ఒంటెల మీద సామాను వేసుకుని, గొర్రెలూ మేకలూ కలిసిన మందను తోలుకు బయలుదేరారు. పదకొండు రోజుల నడక. కనుమలో గాలి కళ్లు తెరవనివ్వలేదు. కూలబడ్డ గొర్రె మళ్లీ లేవలేదు. దాన్ని చూస్తూ నిలబడే తీరికా లేదు. ఏటి మీది మంచు పగిలి చోయ్‌జిల్ బూటు తడిసింది. డుల్మా అతని పాదాన్ని తన పొట్టకు ఆనించుకుని కాచింది. అయినా రెండు వేళ్లు నల్లబడ్డాయి. చేరేసరికి మందలో సగం మిగిలింది.

నమ్‌స్రాయ్ గుడారం బయటే ఎదురొచ్చాడు.

"వదినా, ఉన్న గడ్డి నా మందకే వసంతం దాకా రాదు. మీదీ దింపుకుంటే రెండూ పోతాయి."

"నాలుగేళ్ల కిందట నీ మంద మా వాలులో దిగినప్పుడు మేమిట్లా అన్నామా?"

"అప్పుడు మీకు గడ్డి ఉంది. మనుషులకి చోటు లేదన్నానా? అన్నయ్యని ఉండమను. నువ్వూ ఉండు."

చోయ్‌జిల్ నడవలేడు కాబట్టి ఉండిపోయాడు. డుల్మా ఉండలేదు. మందను ఇంకా కిందికి, మంచు నిలవదనే ఉప్పునేలల వైపు మళ్లించింది. తొమ్మిది రోజులు ఒంటరిగా తిరిగింది. తెల్లారేసరికి కొన్ని నిలబడ్డవి నిలబడ్డట్టే చచ్చి ఉండేవి. తోసి చూస్తేగాని తెలిసేది కాదు. మిగిలిన ఒక ఒంటెతో, పదకొండు మేకలతో భర్త దగ్గరికి తిరిగొచ్చింది.

వసంతంలో ఇద్దరూ తమ వాలుకు తిరిగి చేరాక, నమ్‌స్రాయ్ పిల్లతల్లులైన పది గొర్రెల్ని తోలుకొచ్చాడు. చోయ్‌జిల్ కళ్లనీళ్లు పెట్టుకుని తీసుకున్నాడు.

"అయితే నీ మంద నిలబడిందన్నమాట," అంది డుల్మా.

"నిలబడింది వదినా."

"మంచిది."

పది గొర్రెలతో, పదకొండు మేకలతో మంద మీద బతుకు సాగదు. అన్నీ అమ్మేసి పట్నం చేరారు. డుల్మా ఇప్పుడు ఒక బడిలో బొగ్గుపొయ్యి ఎగదోస్తుంది.

"వాడు తప్పేం చెయ్యలేదే," అంటాడు చోయ్‌జిల్ అప్పుడప్పుడు, కుంటుకుంటూ వచ్చి పొయ్యి దగ్గర కూర్చుని.

"చేశాడని నేనన్నానా?"

మరిది చోట తానున్నా అదే మాట అనేదని ఆమెకు తెలుసు. తెలిసీ, అతని గడప మళ్లీ తొక్కలేదు.