నజీర్ రబ్బరు చెప్పులు

పెనుకొండలో రేడియోలు బాగుచేసే నజీర్‌ను ఎరగనివాళ్ళు లేరు. పలకరిస్తే తలెత్తడు. చెడిపోయిన టేప్‌రికార్డర్ ముందు పెడితే మాత్రం మొహం వెలిగిపోతుంది. తొంభై ఆరులో అతను ఓ చెక్కపెట్టె తయారుచేశాడు. ఇటు స్పీకరు వైరు, అటు రంగు బల్బులు. డోలు మోగితే ఎర్రవి, గొంతు లేస్తే నీలివి ఎగిరేవి. మైక్‌సెట్లు బాడుగకిచ్చే నాకు అది చూసి మతి పోయింది. ఆ వినాయక చవితికి మా వీధి పందిట్లో పెట్టించాను.

మూడోనాడు సాయంత్రం పెట్టెలోంచి కాలిన వాసన వచ్చింది. నజీర్ విప్పి చూసి, కరెంటు మైక్‌సెట్టు వైపు రాకుండా అడ్డుండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పోయిందన్నాడు. హిందూపురం నుంచి ఇంకోటి తెచ్చేదాకా ఆపేద్దామన్నాడు. పందిటి ముందు చూస్తే జాతరలా జనం. నేను ఊరుకుంటానా? కొంప ముంచే పట్టుదల నాది.

"ఈ ఒక్క పూటకు అది లేకుండానే నడిపియ్యప్పా. నలుగుట్లో నా మర్యాద పోతాది," అన్నాను.

 చివరికి నజీర్ వైరు నేరుగా కలిపాడు.

"మైకు రేకులోకి కరెంటు వస్తాండాది, జయరాముడూ. రబ్బరు చెప్పులు లేకుండా ఎవురూ దాన్ని ముట్టుకోగూడదు."

నేను చూసుకుంటానని మాటిచ్చాను. దేవుడి పందిట్లోకి చెప్పులేసుకుని వచ్చేదెవరని ఇద్దరికీ తట్టలేదు.

వాన తుంపర మొదలైంది. లైట్లు మునుపటికంటే ఉధృతంగా ఎగురుతున్నాయి. జనం ఈలలు.  వాన పడుతున్నా నేను ఆపలేదు.

అప్పుడు మా అమ్మ అక్కమ్మ మంగళహారతి పాడదామని తడికాళ్ళతో మైకు దగ్గరికి నడిచింది. ఏటా పాడేది ఆమే. నేను చూడలేదు, ఈలలేసే వాళ్ళతో నవ్వుతున్నాను. ఎదురుగా టీ అంగట్లో ఉన్న నజీర్ చూశాడు. గ్లాసు వదిలేసి పరుగెత్తాడు. ఏదో అరుస్తున్నాడు, పాటలో వినబడలేదు.

పందిటి మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. మా దేవుడి ముందుకు అతను ఏనాడూ చెప్పులతో రాలేదు. అంత తొందరలోనూ కాళ్ళు వాటంతటవే రబ్బరు చెప్పులు విడిచాయి. అమ్మ చెయ్యి చాచేలోగా మైకును లాగేశాడు.

నేను ప్లగ్గు పీకేదాకా లైట్లు ఆడుతూనే ఉన్నాయి. నజీర్ మళ్ళీ లేవలేదు.

చెప్పులతో వచ్చుంటే దేవుడేమన్నా కోప్పడేవాడా అని అమ్మ ఇప్పటికీ ఏడుస్తుంది. ఆపేద్దామని అతనన్న సంగతి, వద్దన్నది నేనేనన్న సంగతి ఆమెకు నేటికీ చెప్పలేదు.