తల లేని థాయ్ అక్షరాలు

అమెరికాలో, ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్‌కి దగ్గర్లో, ఇండియన్ షాపు పక్కనే ఒక థాయ్ షాపు ఉండేది. కొబ్బరిపాల కోసం వెళ్లేదాన్ని. డబ్బాల మీది అక్షరాలు గుండ్రంగా, మన అక్షరాలకి దూరపు చుట్టాల్లా కనిపించేవి. అక్కడే పిల్లల అక్షరాల పుస్తకం ఒకటి కొనుక్కుని దిద్దడం మొదలుపెట్టాను. ఎందుకో ఎవరికీ చెప్పాల్సిన పని లేదనుకున్నాను.

అప్పట్లో నాలా డిపెండెంట్ వీసా మీద వచ్చినవాళ్లకి ఉద్యోగం చేసే వీల్లేదు. అందుకని ఇంట్లో ఉన్న ప్రతి ఆడమనిషికీ మావాళ్లు రాసిచ్చే మందు ఒకటే, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు. నేర్చుకుంటే ఏదో ఒక కంపెనీ ఉద్యోగానికి హెచ్‌వన్ వీసా ఫైల్ చేస్తుందట. భోంచేశావా అన్నంత మామూలుగా అడిగేవాళ్లు, టెస్టింగ్ మొదలుపెట్టావా అని. నాకు ఒళ్లు మండేది.

పుస్తకం అయిపోయాక, ఇక చదవడం వచ్చేసిందనుకున్నాను. షాపు అద్దం మీద ఒక పోస్టర్ చూసి డంగైపోయాను. ఒక్క అక్షరం పోల్చుకోలేకపోయాను. థాయ్‌లో చాలా అక్షరాలు చిన్న సున్నాతో మొదలవుతాయి, దాన్ని తల అంటారు. సున్నాల మధ్య పెరిగిన తెలుగుదాన్ని కదా, ఆ సున్నాని చూసే అక్షరాన్ని గుర్తుపట్టడం అలవాటు చేసుకున్నాను. పోస్టర్ మీది సోకు అక్షరాలకి తలలే లేవు. ఒకటి ఇంగ్లీషు ఎస్‌లా, ఒకటి యూలా, ఇంకోటి డబ్ల్యూలా ఉన్నాయి. నాకు పంతం పట్టుకుంది.

ఆ షాపులో కొన్న ప్యాకెట్ మీద ముందువైపు పేరు సోకుగా ఉంటుంది. వెనకవైపు అదే పేరు మామూలు అక్షరాల్లో ఉంటుంది. ఖాళీ ప్యాకెట్లు కడిగి, ఆరబెట్టి, కత్తిరించి రెండు పేర్లూ పక్కపక్కన పెట్టుకునేదాన్ని. అవి చాలక, నెట్‌లో ఉచితంగా దొరికిన థాయ్ ఫాంట్లన్నీ మావారి లాప్‌టాప్‌లోకి దించాను. కొన్ని కుంచెతో గీసినట్టుండేవి, కొన్ని మంటల్లా పైకి లేచేవి. ఒకే మాటని ఒక్కో ఫాంట్‌లో పెట్టి చూస్తే, తల పోయినా అక్షరం నడుం ఎక్కడ వంగుతుందో తెలిసేది. మావారు ఆఫీస్ డాక్యుమెంట్ ఓపెన్ చేసి, ఫాంట్ల వరస చూసి నెత్తి పట్టుకున్నారు.

"ఇవన్నీ డిలీట్ చెయ్యి."

"చెయ్యను."

కొన్నాళ్లకి అదే అద్దం మీద కొత్త పోస్టర్ అంటించారు. దాని ముందు నిలబడి మొత్తం పైకి చదివాను. సగం మాటలకి అర్థం తెలీదు. అయినా ఇంటికి డ్రైవ్ చేస్తూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మావారి స్నేహితుడు ఒకాయన మా కాంప్లెక్స్‌లోనే ఉండేవారు, తన హాల్లో టెస్టింగ్ క్లాసులు చెప్పేవారు. నేనింకా ఒక్క క్లాసుకీ వెళ్లకముందే నా రెజ్యూమే తయారుచేసి తెచ్చారు. అందులో నాకు మూడేళ్ల అనుభవం ఉంది. నేను గుమ్మం తొక్కని కంపెనీ ఉంది. పేరు కూడా వినని టూల్స్ ఉన్నాయి. కింద భాషల దగ్గర నేను పెన్ను తీసుకుని, థాయ్ చదవడం వచ్చు అని రాశాను.

"అది తీసెయ్ అమ్మా. ఇంటర్వ్యూలో అడిగితే ఇబ్బంది."

"అడగనివ్వండి అన్నయ్యగారూ, చదువుతాను."

"అదికాదమ్మా, ఇలాంటివి ఉంటే రెజ్యూమే జెన్యూన్‌గా కనిపించదు."

మావారు నా మొహం చూడకుండా, "ప్లీజ్, కొట్టెయ్" అన్నారు.

ఆ పేజీలో ఉన్నవాటిలో నేను కూర్చుని, కష్టపడి నేర్చుకున్నది అదొక్కటే. అదే కొట్టెయ్యమంటున్నారు. మళ్లీ పెన్ను అందుకున్నాను. మూడేళ్ల అనుభవం మీద గీత కొట్టాను. కంపెనీ పేరు మీద కొట్టాను. టూల్స్ మీద వరసగా కొట్టుకుంటూ వచ్చి, థాయ్ దగ్గర ఆగాను.

"ఇప్పుడు పంపండి" అని కాగితం అన్నయ్యగారి చేతిలో పెట్టాను.