ఎండలో ఆరేసిన రికార్డు

మస్కట్ దగ్గర బౌషర్‌లో నేను పనిచేసిన ఇంట్లో సాయంత్రం నాలుగింటికి, టీ ఇవ్వడానికి ముందు, పాట పెట్టాలి. అది కూడా నా డ్యూటీయే. బీబీని లేపడం, స్నానం చేయించడం, మోకాళ్లకు నూనె రాయడం, మందులివ్వడం, గది తుడవడం, ఇవన్నీ వచ్చినరోజే ఇంటి యజమానురాలు మదామ్ చెప్పింది. పాట సంగతి మాత్రం చెప్పలేదు. మందు ఒక పూట తప్పిపోయినా బీబీ పట్టించుకునేది కాదు. పాట తప్పితే మూతి ముడుచుకుని టీ ముట్టేది కాదు.

బీబీ అంటే మదామ్ తల్లి. వాళ్లలో నానమ్మల్నీ అమ్మమ్మల్నీ అలా పిలుస్తారు, ఇంట్లో పిల్లలు పిలిచే పిలుపే నాకూ అలవాటైంది. ఆవిడకి డెబ్బై దాటాయి. పుట్టి పెరిగింది ఆఫ్రికా పక్కనున్న జాంజిబార్ దీవిలో. ఒమన్ వాళ్లు పూర్వం ఎప్పుడో అక్కడికి వెళ్లి స్థిరపడ్డారట. అక్కడ గొడవలు రేగినప్పుడు కట్టుబట్టలతో పడవలెక్కి వచ్చేసిన వాళ్లలో బీబీ, ఆవిడ భర్త ఉన్నారు. కట్టుబట్టలతో అని ఆవిడే చెప్పేది గానీ, ఆ బట్టల మూటలో ఒక ఎల్పీ రికార్డు కూడా వచ్చింది.

నేను గోదావరి జిల్లా దాన్ని, ఇంటర్ తప్పినదాన్ని. రెండువేల ఎనిమిదిలో నాకు నలభై నాలుగేళ్లు. ఒమన్‌లో ఆరో ఏడు. అలిసిపోయానని ఎవరికైనా చెప్పుకోవడానికి కూడా ఓపిక లేని రోజులవి. పొద్దున నాలుగున్నరకి లేస్తే మళ్లీ నడుం వాల్చేది ఎప్పుడో నా చేతిలో ఉండేది కాదు. అందుకే మొదట్లో ఆ పాటలంటే నాకు చిరాకు. రాక్ అండ్ రోల్ కొత్తగా పుట్టిన రోజుల్లో వచ్చిన ఏదో అమెరికా సినిమా పాటలు. అట్ట కవరు మీద గిటారు పట్టుకున్న కుర్రాడూ గొడుగులాంటి గౌను వేసుకున్న పిల్లా ఉండేవాళ్లు, ఇద్దరి మొహాలూ వెలిసిపోయాయి. డ్రమ్ము దడదడలాడుతుంది, చప్పట్లు కొడతారు, మధ్యలో ఎవడో గొంతు చించుకుంటాడు. ముసలావిడకి ఇదేం సరదా, ఏ ఖురాన్ క్యాసెట్టో పెట్టుకోక, అని మనసులో అనుకునేదాన్ని.

ఆవిడకి హిందీ వచ్చు. జాంజిబార్‌లో గుజరాతీ కొట్లవాళ్ల దగ్గర, హిందీ సినిమాల్లో నేర్చుకుంది. నేను ఈ దేశంలో నేర్చుకున్నాను. మా ఇద్దరి హిందీ ఏ ఊరిదీ కాదు, కానీ మాకు సరిపోయేది. ఆ హిందీలోనే ఆవిడ నాకు ఆడవాళ్ల ఆట గురించి చెప్పింది. వాళ్ల ఊళ్లో సినిమాహాల్లో వారానికోసారి మధ్యాహ్నం ఆడవాళ్లకి మాత్రమే సినిమా వేసేవారట. తలుపులు మూయగానే నల్లబట్టలు తీసి కుర్చీల మీద పడేసి, పాట రాగానే తనూ తన చెల్లెలూ కుర్చీల మధ్య ఎగిరేవారట. చెల్లెలే బాగా ఆడేదట. ఒకసారి ఇంట్లో ఎగురుతూ చెప్పుతో ఈ రికార్డు తొక్కి దానిమీద గీత పెట్టింది. మొదటి పాటలో ఆ గీత దగ్గర ముల్లు ఇరుక్కుని ఒకే ముక్క మళ్లీ మళ్లీ పాడుతుంది. రికార్డు ప్లేయరు పెట్టె మీద వేలితో ఒక దెబ్బ వేస్తే ముందుకు పోతుంది. ఆ దెబ్బ వేయడం నాకు బాగా అలవాటైంది.

నా చిరాకు పోయింది మాత్రం మూడో పాట వల్ల. ఒకరోజు బీబీ జుట్టు దువ్వుతుంటే ఆ పాటలో సాక్సాఫోన్ అందుకుంది. నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. అది మా నాన్న ఊదిన పాట.

మా నాన్న బ్యాండు మేళంలో సాక్సాఫోన్ ఊదేవాడు. పెళ్లి ఊరేగింపు నాలుగు వీధులు కలిసే చోట ఆగితే పెళ్లికొడుకు స్నేహితులు ఈ పాటే అడిగేవాళ్లు. ఏదో తెలుగు సినిమాలో క్లబ్బు పాట అది. ఎక్కడినుంచి ఎత్తుకొచ్చారో మాకెవరికీ తెలియదు, అవసరమూ పడలేదు. అందరికీ సరదా అయిన ఆ పాటంటే మా నాన్నకి మాత్రం విసుగు. ఇంటికొచ్చి వాచిన పెదాలకి వెన్న రాసుకుంటూ, "ఆళ్లు సరదాకి ఎగురుతారు, మనం కూలికి ఊదుతాం" అనేవాడు. పాటలో ఎక్కడా ఏడుపు లేదు. అయినా నాకు కన్నీళ్లు ఆగలేదు. బీబీ ఎందుకని అడిగితే చెప్పాను. ఆవిడ అంతా విని, "అయితే మీ నాన్న కూడా మా ఆటకి వచ్చాడన్నమాట" అంది.

అప్పట్నుంచి నాలుగెప్పుడవుతుందా అని నేనూ చూసేదాన్ని. ఉన్న పనిలో అదొక పావుగంట నాది.

మదామ్ ఒకసారి అజైబాలో కొట్టుకెళ్లి అవే పాటలు సీడీలో తెచ్చింది. అందులో గరగర లేదు, గీత లేదు. బీబీ ఒక పాట విని తీసేయమంది. "శుభ్రంగా ఉంది. మాది కాదు" అంది. మదామ్ నొచ్చుకుంది. నేనైతే బీబీ పక్షమే.

ఆ మే నెలలో కబురొచ్చింది, చెల్లెలు వస్తోందని. ఆఫ్రికాలోనే, దారెస్సలాంలో కూతురి దగ్గర ఉంటుంది. నలభై ఏళ్లు దాటాక అక్కని చూడ్డానికి వస్తోంది. ఫోన్‌లో ఎప్పుడూ కూతురే మాట్లాడేది, చెల్లెలు ఫోన్ తీసుకునేది కాదు. సిగ్గేమో అనేది బీబీ. వారం రోజుల ముందునుంచే ఆవిడకి కాలు నిలవడం లేదు, నడవలేని కాలు. పరదాలు ఉతికించింది, తివాచీలు దులిపించింది. "దాన్ని కుర్చీలో కూర్చోబెట్టగానే నువ్వు పాట పెట్టు. నేనేమీ చెప్పను. అది మొహం ఎలా పెడుతుందో చూడాలి" అని నాతో ఎన్నిసార్లు అందో లెక్కలేదు. ఆవిడకి ఇంక వేరే కోరిక ఉన్నట్టు నాకు కనిపించలేదు.

ఇల్లంతా మెరుస్తోంది గానీ రికార్డు మాత్రం దుమ్ముతో, వేలిముద్రలతో జిడ్డుగా ఉంది. చెల్లెలు వచ్చేనాటికి దాన్నీ కడిగేస్తే బాగుంటుందని నా బుర్రకి తోచింది. పక్క విల్లాలో కడపమ్మాయి పనిచేసేది. ఇద్దరం మేడ మీద బట్టలారేసేటప్పుడు పిట్టగోడ దగ్గర నాలుగు మాటలు చెప్పుకునేవాళ్లం. దాన్ని అడిగాను.

"మా ఇంట్లో సీడీలు నేను సబ్బునీళ్లతోనే కడుగుతాండాను కదక్కా. ఏం కాదులే. మెత్తగా రుద్దు, అంతే."

"ఇది సీడీ కాదమ్మా, పాత రికార్డు."

"ఏదైతే ఏంది, ప్లాస్టిక్కే కదా. కడిగి ఎండకు పెట్టు. ఎండ బాగుండాది."

తప్పు దానిమీదికి తోసేయడానికి ఇది రాయడం లేదు. అది చెప్పకపోయినా నేను ఎండలోనే పెట్టేదాన్ని. మా అమ్మ దృష్టిలో ఎండ తగలని వస్తువు కడిగినట్టు కాదు. ఇత్తడి బిందెలు, పరుపులు, జాడీలు అన్నీ ఎండలోకి పోవాల్సిందే. మా నాన్న కూడా ప్రతి పెళ్లి తర్వాత సాక్సాఫోన్ మూతికి బిగించే పల్చటి రీడు తీసి, కడిగి, గుడ్డమీద పరిచి ఎండబెట్టేవాడు. గిన్నెలు తోమే మెత్తటి స్పాంజితో రికార్డు కడిగాను. మేడ మీదికి తీసుకెళ్లి నీళ్లట్యాంకు గోడకి ఆనించాను. కిందికొచ్చి బీబీకి స్నానం చేయించాను.

అరగంటలో పైకి వెళ్లాను. మే నెలలో పొద్దున పదకొండింటి మస్కట్ ఎండ, మేడ తలుపు గడియ గుడ్డతో పట్టుకుంటే తప్ప తియ్యలేం. ఆ సంగతి ఆరేళ్లుగా తెలిసిన మనిషిని. రికార్డు ఒకవైపు అప్పడంలా లేచి వంకర తిరిగి ఉంది.

దాన్ని నీడలోకి తెచ్చాను, చేత్తో వంచబోయాను, విరుగుతుందని భయపడి మానేశాను. నా మంచం పరుపు కింద పెట్టి పైన బియ్యం బస్తా ఎత్తాను. మూడు రోజులు అలా ఉంచినా కాస్త తగ్గిందేగానీ పూర్తిగా సాపు కాలేదు. ఆ మూడు రోజులూ నాలుగింటికి బీబీకి అబద్ధం చెప్పాను. ముల్లు అరిగిపోయింది, మీ చెల్లెలు వచ్చాకే పెడదాం, అప్పటిదాకా దాన్ని వాడొద్దు అన్నాను. ఆవిడ నమ్మింది. నమ్మడమే కాదు, "నువ్వు ఉండబట్టి సరిపోయింది బేటీ" అంది. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, లేదనను. అంతకంటే, ఆవిడ మొహం ఎలా చూడాలన్నదే పెద్ద భయం.

చెల్లెలు, చిన్న బీబీ, కూతురిని వెంటబెట్టుకుని శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. అక్కకంటే పొట్టి, అక్కకంటే చురుకు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఊగిపోయారు. బీబీ ఏదేదో అడుగుతోంది, చెల్లెలు నవ్వుతోంది, జవాబివ్వడం లేదు. అప్పుడు ఆవిడ కూతురు మెల్లగా చెప్పింది. చిన్న బీబీకి చెవులు వినపడక ఆరేడేళ్లయిందట. అక్కకి చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట. మదామ్ నాకు అరబ్బీలో చెప్పింది, అర్థమైనంత నాకు అర్థమైంది. బీబీ చెల్లెలి చెంప మీద చెయ్యి తియ్యకుండా ఉండిపోయింది.

నాలుగైంది. నాకు సిగ్గులేకుండా ఊరట కలిగింది, ఇంక పాట అక్కర్లేదు కదా అని. కానీ చిన్న బీబీ గదిలో మూలనున్న పెట్టెని చూసింది. చూసి లేచి నిలబడి, వేలు గుండ్రంగా తిప్పి, పెట్టమని సైగ చేసింది. బీబీ నా వైపు చూసి తల ఊపింది. నేను నా గదికి వెళ్లి పరుపు కిందనుంచి రికార్డు తెచ్చాను. అది నా గదివైపునుంచి రావడం బీబీ చూసింది.

పెట్టాను. పళ్లెం తిరగడం మొదలెట్టింది. ముల్లు పడవలా పైకి లేస్తూ కిందికి దిగుతూ పోతోంది. పాట సాగింది, కుంగింది, మళ్లీ పైకి కీచుమంది. తాగినవాడి పాటలా ఉంది. బీబీ నా మొహం చూసింది. నేను తల దించుకున్నాను. ఆ గదిలో ఆ పాడైపోయిన చప్పుడు బాగా తెలిసినవాళ్లం ఇద్దరమే.

చిన్న బీబీకి అదేమీ తెలియదు. ఆవిడ రెండు అరచేతులూ పెట్టె మీద ఆనించి, తిరిగే రికార్డుని చూస్తూ భుజాలు కదపడం మొదలెట్టింది. తాళం ఒక్కచోట తప్పలేదు. గీత ఉండాల్సిన చోటికి వచ్చేసరికి ముల్లు ఎగిరి దాన్ని దాటేసింది, మొదటిసారి ఆ గీత వినపడలేదు. కానీ చిన్న బీబీ భుజం అక్కడ ఇరుక్కుంది. అదే కదలిక మూడుసార్లు చేసి, పెట్టె మీద తనే వేలితో ఒక దెబ్బ వేసి, ముందుకు పోయింది. తర్వాత వినపడనివాళ్లు మాట్లాడినంత గట్టిగా వాళ్ల భాషలో ఏదో అంది. కూతురు చెప్పింది, "అచ్చం అలాగే ఉంది, ఏమీ పాడవలేదు" అందట. బీబీ అవునని తల ఊపింది.

చిన్న బీబీ నమాజుకి లేచాక నేను బీబీ కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాను.

"నేనే చేశాను బీబీ. కడిగి ఎండలో పెట్టాను."

"ఎండలోనా?"

"మీ చెల్లెలు వస్తోందని."

ఆవిడ మొహం గోడ వైపు తిప్పుకుని ఏడ్చింది. తిట్టి ఉంటే నేను తట్టుకునేదాన్ని, ఆరేళ్లలో తిట్లు అలవాటయ్యాయి. రికార్డుని కవరులో పెట్టబోతే లోపలికి వెళ్లలేదు. కవరు పక్కన విడిగా పెట్టాను. ఆ రోజు ఆవిడ నాతో మళ్లీ మాట్లాడలేదు.

మర్నాడు నాలుగైంది. నేను పెట్టె వైపు వెళ్లకుండా టీ పట్టుకొచ్చాను. అక్కాచెల్లెళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. బీబీ కప్పు అందుకోలేదు.

"ముందు పాట" అంది.

"అది ఇంక పాడదు కదా బీబీ."

"నీకు వచ్చు కదా. ఇన్నాళ్లు విన్నావు. నువ్వు పాడు."

"నాకు పాడటం రాదు బీబీ."

"నాకు నడవడం రాదు. పాడు."

నడుం నొప్పిగా ఉంది, వంటింట్లో గిన్నెలు అలాగే ఉన్నాయి. మాటలు నాకు తెలియవు, మా నాన్న ఊదినట్టు నోటితో ఊదుతూ మొదటి పాట అందుకున్నాను. గొంతు బాగోలేదు, శ్రుతి అసలే లేదు. చిన్న బీబీ నా మూతి వైపు చూస్తూ భుజాలు కదిపింది. గీత చోటికి వచ్చాను. అక్కడ ఆగి అదే ముక్క పాడాను, మళ్లీ పాడాను, మళ్లీ పాడాను. ముందుకు పోవడం నా వల్ల కాలేదు. బీబీ చెయ్యి చాచి, కుర్చీ చేతి మీద వేలితో ఒక దెబ్బ వేసింది.

నేను తర్వాతి ముక్కలోకి వెళ్లాను.