ఒక్కసారే చూడమన్న మావయ్య

మా మావయ్య పోయాడు. కబురు ఆయన కూతురే, అంటే నా మరదలే, ఫోన్‌లో చెప్పింది. "బావా, పాపా చలే గయే" అంది. నాన్న వెళ్ళిపోయారని. అప్పుడు నేను గోల్‌మురి బజార్లో, నేను పనిచేసే ఇనుప సామాన్ల కొట్లో కూర్చుని ఆ రోజు పుస్తకం రాస్తున్నాను. ఆ పేజీ సగంలోనే ఆగిపోయింది. ఇరవై ఏళ్ళలో నేను పూర్తి చేయకుండా వదిలేసిన పేజీ అదొక్కటే.

నేను మాటలు తక్కువ మనిషిని. చదివింది ఇక్కడి హిందీ బడిలో, తెలుగు చదువుకోలేదు. సామాన్లు చుట్టి వచ్చే పాత పత్రికలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఇలా పదిమంది చదివేలా రాయడం నాకు అలవాటు లేదు. అయినా రాస్తున్నాను. మావయ్య బతికుండగా నేను ఆయనకు చెప్పవలసిన మాట ఒకటుంది. చెప్పి ఉంటే వినేవాడేమో. ఆ మాట నాకు నేర్పింది కూడా ఆయనే.

మావయ్య ఇక్కడి ఉక్కు కంపెనీలో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. ముప్ఫై ఏళ్ళు పైనుంచి కిందికి చూసిన మనిషి కాబట్టి నేల మీద కూడా తొందరపడేవాడు కాదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన ఇంటి వరండాలో చాప పరిచి నలుగురం కూర్చునేవాళ్ళం. మావయ్య, మరదలు, పక్కింటి ఫిట్టరు, నేను. మొదట్లో ఆడింది రమ్మీయే. గోవింద్‌పూర్‌లో ఇంజనీరుగా పనిచేసే మరదలు ఒకరోజు ఫోన్‌లో కొత్త ఆట చూపించింది. పోకరట. ఆమె కంటే ముందు మావయ్యకే అది పట్టుబడింది.

ఆట తెలియని వారికి నాలుగు మాటలు. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు బోర్లా వేస్తారు. తర్వాత మధ్యలో అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు తెరుస్తారు. ముందు మూడు, తర్వాత ఒకటి, చివరికి ఒకటి. చేతిలోవీ నేల మీదవీ కలుపుకుని, ఎవరి అయిదు ముక్కలు పైచేయి అయితే వాళ్ళదే గెలుపు. పందేనికి హద్దు లేదు. ఎప్పుడు కావాలన్నా ముందున్నదంతా తోసేయవచ్చు. మా పందెం చింతపిక్కలు. డబ్బు ఊసెత్తితే మావయ్య ఒప్పుకునేవాడు కాదు. "డబ్బెడితే ఇది ఆట కాదురా, డ్యూటీ అవుతాది" అనేవాడు. చివరికి పిక్కలు లేకుండా మిగిలినవాడు టీ గ్లాసులు కడగాలి.

"పిక్కల కోసం ఇంత ఆలోచనేటి! పులుసెట్టుకుంటారేటి?" అని అత్త లోపల్నుంచి అరిచేది.

మొదటి నెలంతా గ్లాసులు నేనే కడిగాను. రమ్మీ ఆడి పెరిగినవాడు ఈ ఆటలో చేసే తప్పే నేనూ చేశాను. ఆటీను ఏడు, ఆటీను ఎనిమిది వచ్చాయంటే నా కంటికి రమ్మీలో లైఫ్, అంటే ఒకే రంగు వరస, సగం పడిపోయినట్టే. ఒక ఆదివారం ఆ రెంటినీ చూసుకుని పిక్కలన్నీ తోసేశాను. నేల మీద నాకు పనికొచ్చే ముక్క ఒక్కటీ పడలేదు. పదుల జతతో ఫిట్టరు అన్నీ ఊడ్చుకుపోయాడు.

మావయ్య నవ్వలేదు. "ఇది రమ్మీ కాదురా. అక్కడ నువ్వు ముక్క ఎత్తుతావు, పారేత్తావు, మళ్ళీ ఎత్తుతావు. టైముంటాది. ఇక్కడ వచ్చేవి అయిదే. నువ్వు రమ్మంటే రావు" అన్నాడు.

ఫిట్టరుది ఇంకో తప్పు. ఆయన తీన్ పత్తీ, అంటే మూడు ముక్కలాట, ఆడి పెరిగిన మనిషి. ఆసు కనబడితే ఆగలేడు. "ఇక్కా హై భాయ్, ఇక్కా!" అని తొడ కొట్టుకునేవాడు. ఒకసారి ఆసుకి తోడు నాలుగంకె ముక్క పట్టుకుని చివరిదాకా వచ్చాడు. నేల మీద ఇంకో ఆసు పడింది. తోసేశాడు. మావయ్య తన ముక్కలు తిప్పాడు. ఆసు, రాణి. ఆసుల జత ఇద్దరికీ ఉన్నా, పక్కనున్న రాణి ముందు నాలుగు ఏపాటి?

"ఆసుని కాదయ్యా, ఆసు పక్కనోడిని చూడు" అన్నాడు మావయ్య.

"ఆప్ కో తో క్రేన్ సే సబ్ దిఖ్‌తా హై" అని గొణుక్కుంటూ ఫిట్టరు గ్లాసులెత్తుకుని నీళ్ళ దగ్గరికి నడిచాడు. క్రేన్ మీద కూర్చున్నవాడికి అన్నీ కనబడతాయట.

అలా చూడగానే బాగుండి తర్వాత ముంచే ముక్కల జాబితా ఒకటి తయారైంది. ఆసూ చిన్నముక్కా, ఒకే రంగులో పక్కపక్క అంకెలు, రాజూ జాకీ, జాకీల జత. రాసే పని నాకు పెట్టాడు. రోజూ లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి నా దస్తూరీ మీద ఆయనకు గురి. గెలిచిన ఆటలు రాయబోతే వద్దన్నాడు. "గెలిచినవి గుర్తుంటాయిలే. వదిలేసినవి రాయి. ఎప్పుడు వదిలేసేవో రాయి" అన్నాడు.

ఆయన ముక్కలు చూసే తీరు నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది. చాప మీంచి పూర్తిగా ఎత్తడు. రెంటినీ దగ్గరగా జరిపి, మూల బొటనవేలితో కాస్త లేపి, ఒక్కసారి చూసి వదిలేస్తాడు. ఆట అయ్యేదాకా మళ్ళీ ముట్టుకోడు. నేను అయిదారుసార్లు తొంగి చూసేవాణ్ణి. అప్పుడు నా చేతి మీద చిన్నగా కొట్టి, "ఒక్కసారే చూడు. మళ్ళీ చూసినంత మాత్రాన ముక్క మారిపోదు" అనేవాడు.

కిందటేడు వానాకాలంలో మావయ్యకు ఆకలి తగ్గింది. చొక్కా భుజాల మీంచి జారేది. కొంచెం తినగానే కడుపు నిండిపోయిందనేవాడు. మరదలు బలవంతం మీద డాక్టరు దగ్గరికి వెళ్ళారు. అల్ట్రాసౌండ్ తీశారు. రిపోర్టులో అన్నీ నార్మల్ అని వచ్చింది. డాక్టరు మాత్రం అక్కడితో ఆగలేదు. ఇది చాలదు, కడుపులోకి గొట్టం వేసి కెమెరాతో చూడాలి, ఆలస్యం చేయవద్దు అని చీటీ మీద రాసిచ్చాడు.

ఆ ఆదివారం మావయ్య ఎంతో హుషారుగా ఉన్నాడు. రిపోర్టు చొక్కా జేబులో ఉంది. రెండో ఆటలోనే, నేల మీద ఒక్క ముక్కయినా పడకముందే, పిక్కలన్నీ తోసేశాడు. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన ఎప్పుడూ అలా చేసినవాడు కాదు. మరదలు ఒప్పుకుని తనవీ తోసింది. నేల మీద రాణి పడింది. మరదలి చేతిలో రాజు, రాణి. మావయ్యవి జాకీల జత. రాణుల జతదే గెలుపు.

"జాబితాలో ఉన్నవే కదా పాపా!" అంది మరదలు, ఆశ్చర్యంలో తెలుగులోకి వచ్చేసి.

"ఈవేళ నాకన్నీ బాగున్నాయిలే" అని జేబు తట్టుకున్నాడు.

"వో దూస్రా టెస్ట్ కరా లో నా, పాపా. డాక్టర్ నే లిఖా హై" అంది. డాక్టరు రాసిన ఆ రెండో పరీక్ష చేయించుకోమని.

"గొట్టాలూ గిట్టాలూ నాకెందుకే? నార్మల్ అని రాసుంది కదా. ఇంకో నెల చూద్దాం. ఆకలి అదే వత్తాది."

మరదలు నా వైపు తిరిగింది. "బావా, మీరు చెప్పండి. మీ మాట వింటారు."

నా ఒళ్ళో ఆటలు రాసే పుస్తకం తెరిచే ఉంది. ఏం చెప్పాలో నాకు తెలుసు. మావయ్యా, నువ్వు చూస్తున్నది ఆసునే, పక్కనున్నదాన్ని చూడటం లేదు. ఇది రమ్మీ కాదు, ఇంకో ముక్క ఎత్తుకోవడానికి టైము లేదు. ఆయన మాటలే ఆయనకు తిరిగి చెబితే చాలు. పెద్దాయనకు నేను చెప్పేదేమిటని ఊరుకున్నాను. తల వంచుకుని, "మావయ్య, జాకీల జత, అన్నీ తోసేశాడు" అని రాసుకున్నాను. ఆయన గ్లాసులు కడగడానికి లేచాడు.

ఆ ఒక నెల నాలుగు నెలలైంది. కెమెరా వేసేసరికి చేయగలిగింది ఏమీ లేదన్నారు. ఆసుపత్రి వరండాలో మరదలు వచ్చి నా పక్కన కూర్చుంది. "ఆప్ తో సబ్ లిఖ్‌తే థే నా, బావా" అంది. అన్నీ రాసేవారు కదా అని. తిట్టినా బాగుండేది. అది తిట్టు కాదు. నేను తన వైపున్నానని ఆ ఆదివారం దాకా నమ్మిన మనిషి మాట అది.

ఆయన నాకు నేర్పినదానికి కృతజ్ఞతతో ఉండాలని ప్రయత్నిస్తున్నాను. కుదరడం లేదు. ఆయన నేర్పినదంతా ఆయనకు ఒక్కసారి అక్కరకొచ్చే రోజు వచ్చింది, ఆ రోజు అది నా దగ్గర ఉండిపోయింది. ఇప్పుడు అది దేనికి పనికొస్తుందో నాకు తెలియదు.

పదమూడో రోజు కార్యం అయ్యాక అత్త ముక్కలు పెట్టే స్టీలు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వట్టుకుపో. నా కళ్ళ ముందొద్దు" అంది. ఇంటికి తెచ్చి మూత తీశాను. పైన పేక, కింద చింతపిక్కలు. పిక్కల అడుగున నాలుగు మడతల కాగితం ఒకటి. ఆ మొదటి రిపోర్టు.

దాన్ని ఎన్నిసార్లు తీసి చూసుకున్నాడో తెలియదు. మడతలు గుడ్డలా మెత్తబడి, మధ్యలో చిరుగు పట్టాయి. కింది మూల, పేక ఎత్తినట్టు బొటనవేలితో లేపిన చోట, నల్లటి మరక పడి ఉంది. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే ఆ మడతల్లోంచి అవతలి వెలుతురు కనబడింది.